పాళ్లలోనే ఉంది పిలుపు

పత్తి, కంది చేలలో కర్రలకు వేలాడే లింగాకర్షక బుట్టలోని ఎరను హార్మోను అనడం శాస్త్రరీత్యా సరికాదు. హార్మోను పురుగు ఒంట్లోనే తిరుగుతూ కుబుసం విడవడాన్ని, కోశస్థ దశకు చేరడాన్ని నడిపిస్తుంది, ఫెరోమోను మాత్రం ఆడ రెక్కల పురుగు పొట్ట కొసనున్న గ్రంథి నుంచి గాలిలో కలిసి అదే జాతి మగదానికి కబురు చేరుస్తుంది. 1959లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బూటెనాంట్ బృందం పట్టుపురుగు ఫెరోమోనైన బాంబికాల్‌ను గుర్తించడానికి సుమారు 5 లక్షల ఆడ పురుగుల గ్రంథులు కావలసివచ్చాయి.

ఈ శాస్త్రంలోని అసలు చిక్కు నల్లగొండ, మహబూబ్‌నగర్ పంటల్లోనే కనిపిస్తుంది. సాగర్ ఎడమ కాలువ కింది వరిని తొలిచే కాండం తొలుచు పురుగుకూ, పాలమూరు మెట్ట చేలలో కందిని తినే శనగపచ్చ పురుగుకూ ఎర తయారయ్యేది ప్రధానంగా అవే రెండు పదార్థాలతో. రెండూ 16 కర్బన పరమాణువుల గొలుసు గల ఆల్డిహైడ్లే, కాకపోతే జంట బంధం ఒకదానిలో 11వ కర్బనం దగ్గర, మరొకదానిలో 9వ దాని దగ్గర ఉంటుంది. వాటి పాళ్లు మొదటి పురుగుకు 3:1, రెండోదానికి 97:3.

ప్రయోగశాలలో మగ పురుగు మీసాన్ని రెండు ఎలక్ట్రోడ్ల మధ్య అమర్చి, వాసన తగిలినప్పుడు అందులో పుట్టే విద్యుత్ స్పందనను కొలుస్తారు. అయితే మీసం స్పందించినంత మాత్రాన పురుగు ఎగిరి వస్తుందన్న హామీ లేదు గనుక తీర్పు చెప్పవలసింది చేనే. అక్కడ వేర్వేరు పాళ్ల ఎరలను, వాటితో పాటు ఏ వాసనా లేని ఉత్త ఎరను దూరదూరంగా బుట్టల్లో పెట్టి, గాలివాటు కలిసొచ్చిన చోటే గెలవకుండా బుట్టల స్థానాలు మారుస్తూ, పడిన మగవాటిని రోజూ లెక్కిస్తారు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1980లలో శనగపచ్చ పురుగుపై జరిగిన పరీక్షల్లో ఎరతో పాటు బుట్ట ఆకారాన్నీ ఇలాగే పరీక్షకు పెట్టారు. రెక్కల పురుగును రైతులు తల్లి పురుగు అంటారు గాని, ఈ బుట్టలో పడేవన్నీ తండ్రులే.

గుడ్లు పెట్టే ఆడవి ఇందులో పడవు గనుకనే ఈ బుట్ట చంపే సాధనంగా కంటే కొలిచే సాధనంగానే ఎక్కువ విలువైనది. గులాబీ రంగు పురుగు బోల్‌గార్డ్-2 బీటీ పత్తిని సైతం తట్టుకునే శక్తి సంపాదించాక, కాయలో దాగిన లార్వా పైకి కనిపించదు గనుక, ఆ కొలత మరింత అక్కరకొస్తున్నది. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు మగ పురుగులు పడితే నివారణకు పూనుకోవాలన్నది సిఫార్సు. రబ్బరు ఎరలోని వాసన సుమారు నెల రోజుల్లో సన్నగిల్లుతుంది, ఆ తర్వాత బుట్ట ఖాళీగా ఉన్నంత మాత్రాన చేనులో పురుగు లేదనుకోవడానికి వీల్లేదు. ఎర మార్చిన తేదీని రైతు బుట్టపైనే రాసి ఉంచుకోవాలి.