లెక్కల పుస్తకంలో మిరప రైతు

తెలుగులో తొలి గణితగ్రంథం రాసిన మల్లన ఇంటిపేరులోని పావులూరు నేటి పర్చూరు నియోజకవర్గంలోనిదే. మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన ఆయన ఆ ఊరి కరణమంటారు. అంటే ఈ నేలమీద లెక్క రాతకెక్కింది పొలం కొలిచేవాడి చేతిమీదుగా. మరి దున్నేవాడి లెక్క?

2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం బడి చదువును బయటి బతుకుతో ముడిపెట్టమంది. మన రాష్ట్ర చట్రం 2011లో ఆ బాటే పట్టింది. 2017లో ఎన్.సి.ఇ.ఆర్.టి. తరగతివారీ అభ్యసన ఫలితాలు ప్రకటించింది. మంచిదే. కాని పుస్తకాన్ని ప్రమాణానికి సరిపెట్టడమంటే ప్రతి పాఠం పక్కన ఒక ఫలితం పేరు రాసి ఊరుకోవడమేనా?

పదసమస్యను చిన్నకథలా చదివి చూడండి. రైతు పది బస్తాల మిరపకాయలు అమ్మాడు, బస్తా ధర ఇంత, మొత్తమెంత? ఇలాంటి లెక్కలో గుణకారముంది, 'నిత్యజీవిత'ముంది. ప్రమాణం తృప్తిపడుతుంది. పర్చూరు రైతుకు మాత్రం ఇది కట్టుకథ. గుంటూరు యార్డులో కమిషను, హమాలీ, లారీ కిరాయి పోగా చేతికొచ్చేదే అతని జవాబు. ఆ తీసివేతలన్నీ రచయిత ముందే తీసేశాడు! కథలో పాత్ర ఉంది, ఘర్షణ లేదు.

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 అవుతుందని రెండో ఎక్కం వచ్చిన పిల్ల చెప్పగలదు. పసివాళ్ళకు అప్పుల గోలెందుకని కొందరు పెద్దల అభ్యంతరం. కోతల రోజుల్లో బడి మానేసి తల్లి వెంట చేలోకి వెళ్ళే పిల్లకు ఆ గోల కొత్తదా? కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట, కాటా దగ్గర నిలబడి తల్లికి రావలసిన డబ్బు కట్టి చెప్పేది ఆ పిల్లే.