అచ్చుబొమ్మ మీద అంకె: లెక్కా? కంచా?

సాహిత్య విమర్శకు కేటాయించిన పేజీల్లో అచ్చుబొమ్మల అమ్మకం గురించి రాయడమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. కాని అచ్చు రచయితకూ చిత్రకారుడికీ ఉమ్మడి సాధనం. మన పుస్తకం వెయ్యి ప్రతులు అమ్ముడుపోతే సంతోషిస్తాం. రెండో ముద్రణ వస్తే ఆ మాట అట్ట మీదే వేసుకుంటాం. చిత్రకారుడు మాత్రం 'యాభై ప్రతులకు మించి తియ్యను' అని మాట ఇస్తేనే అతని అచ్చుబొమ్మకు ధర పలుకుతుంది. ఒకే సాధనం ఒకరి చేతిలో ప్రతులను పెంచడానికీ, మరొకరి చేతిలో ప్రతులను ఆపడానికీ ఎందుకు ఉపయోగపడుతోంది? కళకూ మార్కెట్‌కూ వున్న సంబంధాన్ని అర్థం చేసుకోదలచిన సాహిత్య విద్యార్థి యీ ప్రశ్నను దాటిపోవడానికి వీల్లేదు.

ముందు పద్ధతి ఏమిటో చూద్దాం. ఎచింగ్‌నే తీసుకుందాం. రాగిరేకు మీద ఆమ్లానికి లొంగని మైనపు పూత పూస్తారు. సూదితో గీసి, రేకును ఆమ్లంలో ముంచితే గీసిన చోట మాత్రమే లోహం తినేస్తుంది. ఆ గాట్లలోకి సిరా ఎక్కించి, పైభాగం తుడిచి, తడిపిన కాగితం పరిచి, రెండు రోలర్ల మధ్య నుంచి గట్టి వత్తిడితో పంపుతారు. మరో ప్రతి కావాలంటే సిరా ఎక్కించడం, తుడవడం మళ్లీ మొదలు. కొన్ని నమూనాలు తీసి చూసుకున్నాక 'ఇక ఇలాగే తియ్యండి' అని చిత్రకారుడు ఒక ప్రతిని ఖాయం చేస్తాడు. మిగతావన్నీ దానితో పోల్చుకుంటూ తీస్తారు. ఆరిన తర్వాత ఒక్కొక్క ప్రతికీ బొమ్మ కింద ఎడమ వైపున పెన్సిల్‌తో అంకె, మధ్యలో పేరు, కుడి వైపున సంతకం, సంవత్సరం వేస్తాడు. 7/50 అంటే మొత్తం యాభై ప్రతుల్లో ఇది ఏడో అంకె వేసినదని అర్థం. ఏడోసారి ప్రెస్సులోంచి వచ్చినదేనని కాదు; ఆరేసిన కాగితాలను దొంతి పెట్టిన వరసే చాలాసార్లు అంకెల వరస అవుతుంది.

యీ యాభై కాక 'ఏ.పి.' అని రాసిన ప్రతులు వుంటాయి. ఇవి చిత్రకారుడు తనకోసం వుంచుకునేవి. మొత్తంలో పదో వంతు దాటకపోవడం మర్యాద. అచ్చు తీసిన పనివాడికి ఒక ప్రతి ఇవ్వడం కూడా ఆచారమే. అన్నీ అయ్యాక రేకు మీద అడ్డంగా గీతలు గీసి చెడగొడతారు. ఆ గీతలతో సహా ఒక ప్రతి తీసి, ఇక దీని నుంచి మరొకటి రాదనడానికి సాక్ష్యంగా దాచిపెడతారు. ఆ తర్వాతే ప్రదర్శన, విడుదల, అమ్మకం. ప్రతులు తరిగేకొద్దీ ధర పెంచే గ్యాలరీలూ వున్నాయి. అదే రేకు, అదే సిరా, అదే కాగితం. ఐనా చివరి పది ప్రతులు మొదటి పది ప్రతులకన్నా ఎక్కువ ధరకు పోతాయి.

ఇది అనాదిగా వున్న ఆచారమని అనుకోనక్కరలేదు. రెంబ్రాంట్ తన ప్రతుల మీద యిలా అంకెలు వెయ్యలేదు. ఆయన పోయిన తర్వాత కూడా ఆయన రేకుల నుంచి ఇతరులు ప్రతులు తీస్తూనే వున్నారు. గోయా 1828లో చనిపోతే, యుద్ధ బీభత్సం మీద ఆయన చెక్కిన రేకుల నుంచి తీసిన బొమ్మల సంపుటి 1863లో గాని వెలువడలేదు. పెన్సిల్ సంతకం, పరిమితి అంకె యూరప్‌లో పందొమ్మిదో శతాబ్దపు చివరి భాగంలో మొదలై, ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడ్డాయి.

ఆ కాలమే ఎందుకో గమనించాలి. రాగి మెత్తని లోహం. ఆమ్లం లేకుండా సూదితోనే నేరుగా గీసే డ్రైపాయింట్ పద్ధతిలో గీత పక్కన లేచే నూగు, కొన్ని పదుల ప్రతులకే అణిగిపోతుంది. అంటే తొలి రోజుల్లో పరిమితి అనేది రేకు పెట్టిన పరిమితి. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో రాగిరేకు మీద ఉక్కు పూత పూసే పద్ధతి వచ్చింది. వేలాది ప్రతులు తీసినా గీత చెదరదు. ఫోటో సాయంతో బొమ్మలు అచ్చువేసే యంత్రాలూ వచ్చాయి. ఉత్పత్తి శక్తులు రేకు పెట్టిన హద్దును తుడిచేశాయి. సరిగ్గా అప్పుడే మార్కెట్ పెన్సిల్‌తో కొత్త హద్దు గీసింది. ప్రకృతి సిద్ధమైన కొరత పోయినచోట కృత్రిమమైన కొరతను నిలబెట్టింది.

వాల్టర్ బెంజమిన్ 1936లో వెలువడిన తన ప్రసిద్ధ వ్యాసంలో, యంత్రాల మీద ప్రతులు తీసే యుగంలో కళాఖండం చుట్టూ వుండే 'దివ్యకాంతి' ఆరిపోతుందని ప్రతిపాదించాడు. ఆయన చెప్పినదాంట్లో సత్యం వుంది. కాని ఆరిన ఆ కాంతిని రెండు పైసల పెన్సిల్‌తో తిరిగి వెలిగించవచ్చునని వ్యాపారం అప్పటికే నేర్చుకుంది. బొమ్మ వినియోగపు విలువ కళ్లకు సంబంధించినది. ఎందరు చూసినా అది తరగదు. మారకపు విలువ మాత్రం ఇంకొకరి దగ్గర అది లేకపోవడం మీద ఆధారపడుతుంది. 7/50లో గీత కింద వున్న యాభై, 'మిగతా లోకానికి ఇది లేదు' అని చెప్పే అంకె.

యీ తర్కం చివరికి ఎక్కడికి పోతుందో సాల్వడార్ డాలీ ఉదంతం చూపుతుంది. బొమ్మే లేని తెల్లకాగితాల మీద ఆయన ముందుగా సంతకాలు చేసి ఇచ్చేవాడు. అటువంటి కాగితాలు వేల సంఖ్యలో 1974లో ఫ్రెంచి కస్టమ్స్ వాళ్లకు దొరికాయి. బొమ్మ తర్వాత ఎవరైనా వేసుకోవచ్చు, సంతకం వుంటే చాలు! శ్రమ నుంచి పూర్తిగా విడిపోయిన సంతకం నోటు మీద వుండే సంతకం లాంటిదే.

ఇక మన సంగతి. తెలుగు ఇళ్ల గోడల మీదికి అచ్చుబొమ్మ పరిమిత ప్రతిగా రాలేదు. 1894లో బొంబాయిలో పెట్టిన రవివర్మ ప్రెస్సు నుంచి దేవతల బొమ్మలుగా, తర్వాత క్యాలెండర్లుగా వచ్చింది. మా జ్యోతినగర్ క్వార్టర్లలోనూ, గోదావరిఖని కార్మికవాడల్లోనూ నేటికీ గోడ మీద వున్నది ఆ వారసత్వమే. ఆ బొమ్మల భావజాలంతో మనకు పేచీ వుండవచ్చు. కాని అచ్చుకు సహజమైన గుణం, అంటే ఇల్లిల్లూ చేరడం, ఆ బొమ్మలకే దక్కిందన్నది చేదు నిజం.

దీనికి ఎదురుగా కె. లక్ష్మాగౌడ్‌ను పెట్టి చూడండి. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లోనూ, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గరా చదువుకున్న ఆయన, ఎచింగ్‌లో తెలంగాణ పల్లెను నిలబెట్టాడు. మేకలు, ముళ్లచెట్లు, తలపాగాల మగవాళ్లు, సిగ్గుపడని శరీరాలు - వీటిని ఆ సన్నని గీతలో చూసినవాళ్లు మరిచిపోలేరు. సుకుమారమైన నగర సౌందర్యానికి అది గట్టి జవాబు. కాని ఆ జవాబు ఎవరి చెవిన పడింది? వందల ప్రతులకు వీలున్న మాధ్యమాన్ని ఎంచుకున్నా, బొమ్మ అంకె వేయించుకుని గ్యాలరీకి పోయింది. ఆ మేకను మేపినవాడి గోడకు చేరలేదు. తోట వైకుంఠం సెరిగ్రాఫ్‌ల సంగతీ అంతే. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన ఆ చిత్రకారుడి బొట్టు పెట్టుకున్న తెలంగాణ స్త్రీ, పరిమిత ప్రతిగా సంపన్నుల హాళ్లలో నిలబడింది. వస్తువు ప్రజలది, ప్రతి మాత్రం కొనగలవాడిది. యీ వైరుధ్యం చిత్రకారుల వ్యక్తిగత దోషం కాదు. వాళ్ల పనిని చుట్టుముట్టిన సంబంధాలది.

'ఐతే అంకెను తీసెయ్యమందామా?' అని తొందరపడేవాళ్లున్నారు. ఇది యాంత్రికమైన వాదన. నూనెరంగుల చిత్రానికి ఒకే యజమాని వుంటాడు. అచ్చుబొమ్మకు యాభైమంది వుంటారు. ఒక లెక్చరరో, ఒక డాక్టరో చిత్రకారుడి అసలు పనిని ఇంటికి తెచ్చుకోగలిగేది యీ రూపంలోనే. రాగిరేకు, మంచి కాగితం, ప్రెస్సు వూరికే రావు. చేత్తో తుడిచి తీసే ప్రతికి గంటల శ్రమ వుంది. రాయల్టీ అందని రచయిత బాధ తెలిసిన మనం, చిత్రకారుణ్ని మాత్రం గాలి పీల్చి బతకమనలేం.

అంతకన్నా ముఖ్యం, అంకెకు రెండు స్వభావాలున్నాయి. మా ప్రాంతంలో గనిలోకి దిగే కార్మికుడికి ల్యాంప్ రూమ్‌లో ఇచ్చే దీపానికి నంబరు వుంటుంది. ఎవరు దిగారు, ఎవరు ఇంకా పైకి రాలేదు అనేదానికి అది లెక్క. ప్రమాదం జరిగితే ఆ లెక్కే ఆధారం. అంకె లెక్క చెప్పేటప్పుడు మనిషి పక్షాన వుంటుంది. కంచె వేసేటప్పుడు ఆస్తి పక్షాన వుంటుంది. 7/50 కొనేవాడికి 'యాభై తీశాను, యాభయ్యొకటి తియ్యలేదు' అని చెప్పే నిజాయితీ కూడా. దాన్ని వొదులుకోనక్కరలేదు. నిలదీయాల్సింది కంచెను.

ఆ లెక్కలో కూడా ఒక పెద్ద లోపం వుంది. కుడి వైపున ఒకే పేరు వుంటుంది. సిరా పట్టినవాడు, తుడిచినవాడు, ప్రెస్సు తిప్పినవాడు కాగితం మీద కనపడరు. 1960లో లాస్ ఏంజెలస్‌లో జూన్ వేన్ స్థాపించిన టామరిండ్ వర్క్‌షాపులో అచ్చు తీసిన పనివాడి ముద్ర కూడా ప్రతి మీద పడుతుంది, ఎన్ని ప్రతులు తీశారో పూర్తి లెక్క రాసిపెడతారు. హైదరాబాద్‌లోనూ బరోడాలోనూ చదివిన మన దేవరాజ్ దాకోజీ, స్వయంగా చిత్రకారుడై వుండీ, న్యూయార్క్‌లోని రాబర్ట్ బ్లాక్‌బర్న్ వర్క్‌షాపులో ఇతరుల అచ్చులు తీసే మాస్టర్ ప్రింటర్‌గా పనిచేశాడు. ఆ పని ఎంత నైపుణ్యం కోరుతుందో గ్రహించడానికి ఇదొక్కటి చాలు.

కంచెను దాటిన ఉదాహరణలు చరిత్రలో వున్నాయి. జర్మనీలో కేథే కోల్విట్జ్ సంతకం చేసిన ఎచింగ్‌లు సేకర్తలకు అమ్మింది. అదే చేత్తో 1924లో యుద్ధ వ్యతిరేక పోస్టరును వీధి గోడల కోసం రాతి మీద గీసింది. చైనాలో లూషున్ 1936లో, తన చివరి జబ్బు రోజుల్లో, ఆమె బొమ్మల సంపుటిని తన ఖర్చుతో వేశాడు. మొత్తం నూటమూడు ప్రతులు. నలభై కానుకలకు, ముప్ఫై విదేశాలకు, ముప్ఫైమూడు స్వదేశంలో అమ్మకానికి - యీ లెక్క పుస్తకంలోనే అచ్చువేశాడు. ఇంతవరకూ అది ఏ సేకర్తకైనా నచ్చే పరిమిత సంపుటే. కాని దానిని ఎవరైనా తిరిగి అచ్చువేస్తే ఎంతో పుణ్యమన్న అర్థం వచ్చే మాట కూడా అందులోనే వేశాడు! అదే సంవత్సరం చౌకగా చిన్న సైజు ముద్రణ కూడా వచ్చింది. అంకె వుంది, కంచె లేదు. ఒక రచయిత చేసిన పని యిది; మన పాఠకులు గుర్తుంచుకోవాలి.

చిత్తప్రసాద్ కథ మరో రకం. బెంగాల్ కరువును మిడ్నపూర్‌లో తిరిగి చూసి, బొమ్మలూ మాటలూ కలిపి 'హంగ్రీ బెంగాల్' అనే పుస్తకం 1943లో తెస్తే, అయిదు వేల ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. ఆ కుటుంబం దాచుకున్న ప్రతి ఆధారంగా 2011లో ఆ పుస్తకం మళ్లీ వెలుగు చూసింది. ప్రతులను తగ్గించడమంటే పాలకులకు ఏమిటో యీ ఘటన చెబుతుంది. అక్కడ అగ్గితో జరిగిన పనిని ఇక్కడ మార్కెట్ మర్యాదగా, పెన్సిల్‌తో చేయిస్తుంది. రెండూ ఒకటేనని నేననను. కాని రెండు చోట్లా చూడాల్సిన జనానికి బొమ్మ అందలేదు.

ఇవ్వాళ యీ సమస్య మరింత వికృతంగా తయారైంది. వర్ణచిత్రాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్ ప్రింటర్‌తో కాన్వాసు మీద దించి, కింద అంకె వేసి 'లిమిటెడ్ ఎడిషన్' అంటున్నారు. అక్కడ అరిగే రేకు లేదు, చెక్కిన చెయ్యి లేదు, కొట్టివేయడానికి ఏమీ లేదు. మీట నొక్కితే మరో ప్రతి వస్తుంది. అటువంటి చోట అంకె దేనికీ లెక్క కాదు, వుత్త కంచె.

కాబట్టి అభ్యుదయ రచయితలు, చిత్రకారులు కలిసి కోరవలసినవి స్పష్టంగానే వున్నాయి. ఒకటి: సంతకం చేసిన ప్రతులు ఎన్ని, ఏ.పి.లు ఎన్ని, ఏ పద్ధతిలో తీసినవి అన్నది దాచకుండా రాయాలి. రెండు: అచ్చు తీసిన పనివాడి పేరు ఆ లెక్కలో వుండాలి. మూడు: యాభై ప్రతులు అమ్ముకుని బతికే చిత్రకారుడు, అదే బొమ్మను సంతకం లేకుండా, అంకె లేకుండా, చౌక కాగితం మీద బడులకూ గ్రంథాలయాలకూ కార్మిక సంఘాల ఆఫీసులకూ విడుదల చెయ్యాలి. సంతకం వున్న ప్రతి విలువ దానివల్ల తగ్గదు. కోల్విట్జ్ పోస్టరు ఆమె ఎచింగ్‌ల విలువ తగ్గించలేదు. నాలుగు: మన పత్రికలు అట్ట మీద బొమ్మ వేసుకున్నప్పుడు చిత్రకారుడికి పేరుతో పాటు పారితోషికం కూడా ఇవ్వాలి. మనం ఉచితంగా వాడుకుంటూ గ్యాలరీకి పోవద్దని అతనికి నీతి చెప్పడం చెల్లదు.

యీ నాలుగోది మన చేతిలో వున్న పని. మిగతా మూడూ అడిగే హక్కు మనకు దాన్నుంచే వస్తుంది.