కంటికి పచ్చి, చేతికి పండు

సీతాఫలం పండినా ఆకుపచ్చగానే ఉంటుంది. కళ్ళు విచ్చుకుని, వేలు ఆనిస్తే మెత్తగా తగిలితే అది పండినట్టు. హిమాయత్ మామిడి రసం నిండాక కూడా తొక్క మీది పచ్చదనాన్ని పూర్తిగా వదలదు. టమాటలోనూ ఈ కోవకు చెందిన రకాలున్నాయి. గుజ్జు తీపెక్కి, గింజ ముదిరి, తొడిమ వదులైన తర్వాత కూడా ఇవి ఎర్రబడవు. పచ్చడికి కోసే పచ్చి కాయతో వీటికి పోలిక రంగు వరకే. పచ్చి కాయలో టొమాటిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. కాయ మాగేకొద్దీ అది తగ్గిపోతుంది. పచ్చగా పండిన టమాటలో ఆ చేదు ఉండదు, పండుకు ఉండాల్సిన వాసన, రసం, తీపి, పులుపు అన్నీ ఉంటాయి.

ఎర్రబడకపోవడానికి కారణం

మామూలు టమాట మాగేటప్పుడు రెండు పనులు జరుగుతాయి. కాయలోని పత్రహరితం విరిగిపోతుంది, లైకోపీన్ అనే ఎర్ర వర్ణకం చేరుతుంది. పచ్చగా పండే రకాల్లో ఈ రెండూ సాగవు. పత్రహరితం విరగడానికి కావాల్సిన జన్యువు వీటిలో పనిచేయదు. ఎర్ర వర్ణకం తయారీకి తొలి మెట్టయిన మరో జన్యువు కూడా దెబ్బతిని ఉంటుంది. మొదటి లోపం మాత్రమే ఉండి ఎరుపు మామూలుగా చేరితే పండు ముదురు ఊదా, గోధుమ రంగుల కలయికలోకి తిరుగుతుంది. పేరుపొందిన చెరొకీ పర్పుల్ అలాంటిదే.

తొక్క సంగతి వేరు. తొక్కకు రంగు లేకపోతే పండు చివరిదాకా ఆకుపచ్చగానే కనిపిస్తుంది. తొక్క పసుపుదైతే పండే వేళకు కింది భాగంలో తేనె రంగు తేలుతుంది. కొత్తగా పెంచేవారు పసుపు తొక్క రకాలను ఎంచుకోవడం మేలు. కోసే రోజు ఎప్పుడో పండే చెబుతుంది.

పెంపకందారుల ఘనత

ఈ రకాల చరిత్రలో ముందు చెప్పుకోవాల్సిన పేరు టామ్ వాగ్నర్. ఎవర్‌గ్రీన్ అనే పాత రకం రుచిలో గొప్పదే కానీ పండు పగులుతుంది. పగలని పచ్చ పండు కావాలన్న ఆలోచన ఆయనకు 1950లలో, అమెరికాలోని కాన్సస్‌లో ఉన్నప్పుడే కలిగింది. పాత రకాలను ఒకదానితో ఒకటి సంకరం చేస్తూ, తరం వెంట తరం ఏరుతూ, చివరికి 1983లో తన విత్తనాల జాబితాలో గ్రీన్ జీబ్రాను పెట్టాడు. ముదురు, లేత ఆకుపచ్చ చారలు. పండగానే లేత చారలు బంగారు పసుపుకు తిరుగుతాయి. కోస్తే లోపల పచ్చరాయి మెరుపు. ఒక మనిషి పట్టుదల మూడు దశాబ్దాలు నిలిచి ఒక్క పండుగా మారడం సామాన్యమైన పని కాదు. ద్రాక్షల్లా గుత్తులుగా కాసే గ్రీన్ గ్రేప్ కూడా ఆయన చేతి పనే.

రుచికి పట్టం కట్టాల్సి వస్తే అది ఆంట్ రూబీస్ జర్మన్ గ్రీన్‌కే దక్కాలి. టెనెసీ రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌కు చెందిన రూబీ ఆర్నాల్డ్ ఇంట్లో తరాలుగా నిలిచిన విత్తనం ఇది. ఒక్కో పండు అర కిలోకు దగ్గరగా తూగుతుంది. ఏ ప్రయోగశాలా లేకుండా, ఏటా మంచి పండును ఏరి గింజ దాచుకున్న ఒక ఇంటి ఆడవాళ్ళ, మగవాళ్ళ ఓపికే దాన్ని నేటిదాకా తెచ్చింది. క్రెయిగ్ లెహూలియర్ లోకానికి అందించిన చెరొకీ గ్రీన్, సైబీరియా నుంచి వచ్చిన, పేరుకు మలకైట్ పెట్టె అనే అర్థం గల రష్యన్ రకం కూడా ఇదే వరుసలో నిలుస్తాయి.

హిమాయత్‌నగర్ పెరటికి ఎంపిక

మొయినాబాద్ మండలం హిమాయత్‌నగర్, దాని చుట్టూ చేవెళ్ల దాకా ఉన్న పల్లెలు హైదరాబాద్ నగరానికి కూరగాయలు పంపే ఊళ్ళు. ఇక్కడి చల్క నేల టమాటకు నప్పుతుంది. ఎండాకాలమే అసలు పరీక్ష. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది. అందుకే రకాన్ని ఎంచేటప్పుడు పండు అందం కన్నా ముందు అది కోతకు వచ్చే రోజులు లెక్క చూడాలి.

నాటిన 70 నుంచి 80 రోజుల్లో కోతకు వచ్చే గ్రీన్ గ్రేప్, గ్రీన్ జీబ్రా మొదటి ఏడాదికి తగినవి. పండు చిన్నది కాబట్టి పగుళ్ళు తక్కువ, ఒక గుత్తి పోయినా మరో గుత్తి నిలుస్తుంది. చెరొకీ గ్రీన్ రెండో ఏడాదికి. ఆంట్ రూబీ పండు పెద్దది, 80 రోజులు దాటుతుంది, నీళ్ళలో కాస్త తేడా వచ్చినా పగులుతుంది. చేయి తిరిగాకే దాని జోలికి వెళ్ళాలి. అన్నిటికీ సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు మొదటి వారం లోపు నారు పోసి, 25 నుంచి 30 రోజుల నారును నాటితే చలికాలమంతా పూత, పిందె నిలుస్తాయి. ఎండలు ముదరకముందే కోత అయిపోతుంది.

ఈ రకాలకు ఒక మేలు సహజంగానే ఉంది. వేడి 30 డిగ్రీలు దాటాక లైకోపీన్ సరిగా తయారు కాదు. అందుకే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎర్ర టమాటలు పాలిపోయి నారింజ రంగులో ఆగిపోతాయి. పచ్చగా పండే వాటికి ఆ బెంగ లేదు.

కష్టం కూడా ఉంది. పాత విదేశీ రకాలకు ఆకుముడతను తట్టుకునే శక్తి లేదు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ అర్క రక్షక్‌లో కూర్చిన మూడు తెగుళ్ళ నిరోధం వీటిలో వెతికినా దొరకదు. కాబట్టి నారుమడి మీద సన్న కన్నుల నైలాన్ వల కప్పి ఆకుముడతను మోసే తెల్లదోమను రానీయకూడదు. నాటాక పసుపు జిగురు అట్టలు కట్టాలి, వారానికోసారి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి చల్లాలి. కాయతొలుచు పురుగు కోసం పక్కనే బంతి వేయాలి. వీటిలో చాలావరకు ఆగకుండా పెరిగే తీగజాతి మొక్కలు. ఆరడుగుల కర్ర పాతి, పంగల్లో వచ్చే పిలకలు గిల్లాలి. మిద్దె మీదైతే 20 లీటర్లకు తగ్గని కుండీ, అందులో ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి చాలు.

నకిలీల గోల

మంచి విత్తనం పేరు చెప్పి మోసం చేయడం ఇప్పుడు మరీ ఎక్కువైంది. ఇంద్రధనుస్సు రంగులు పులిమిన బొమ్మల పొట్లాలు ఇంటింటికీ చేరుతున్నాయి. మూడు నెలలు నీళ్ళు పోసిన ఇల్లాలికి చివరికి మామూలు ఎర్ర కాయ దక్కుతుంది. పచ్చి హైబ్రిడ్ కాయను చక్రాలుగా కోసి పచ్చ టమాట అని వడ్డించే అలవాటు అంతకన్నా అన్యాయం. ఆ చేదు ఒకసారి తిన్నవాడు అసలు పండును జన్మలో ముట్టుకోడు.

అంతకన్నా పెద్ద నష్టం కళ్ళ ముందే జరిగింది. నాటు టమాటకు తొడిమ చుట్టూ ముదురు పచ్చ భుజాలుండేవి. కాయంతా ఒకే రంగులో పండాలన్న అంగడి కోరికకు తలవంచి, పెంపకందారులు దశాబ్దాల పాటు ఆ భుజాలు లేని కాయలనే ఏరారు. ఆ పచ్చదనం పోవడంతో కాయలో చక్కెర తయారీ కూడా తగ్గిందని 2012లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. చారు కాస్తే వీధంతా ఘుమఘుమలాడించిన పుల్లటి నాటు టమాట పోయి, లారీలో దొర్లినా నలగని మందపు తొక్క మిగిలింది. కూరగాయల చేలు ఫామ్‌హౌస్‌ల గడ్డి మైదానాలవుతున్న ఈ ఊళ్ళలో, ఆ గడ్డికి పోసే నీళ్ళలో పదో వంతు ఒక టమాట సాలుకు పోస్తే ఎన్ని విత్తనాలు బతుకుతాయి!

కోత, వంట, విత్తనం

కోసేటప్పుడు కన్ను కన్నా చేతిని నమ్మాలి. పండును అరచేతిలో పెట్టి బొటనవేలితో మెల్లగా నొక్కితే కొద్దిగా లొంగాలి. పసుపు తొక్క రకమైతే కింది భాగంలో తేనె రంగు కనిపించాలి. కాస్త పైకెత్తితే తొడిమ దగ్గర తేలిగ్గా విడిపోవాలి. ఇవన్నీ కుదిరితేనే కోత.

వీటిని ఎక్కువ ఉడికించకూడదు. పులుపులో వేడి తగిలితే పత్రహరితం రంగు మారి వంటకం పాచి రంగుకు తిరుగుతుంది. పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పుతో రోట్లో కచ్చాపచ్చాగా నూరి, చల్లారిన తాలింపు కలిపితే రంగు, రుచి రెండూ నిలుస్తాయి. గ్రీన్ జీబ్రా పులుపు పచ్చిపులుసుకు అచ్చంగా సరిపోతుంది.

చెట్టు మీదే బాగా పండిన, తెగులు సోకని మొక్క కాయనే విత్తనానికి ఉంచాలి. గుజ్జుతో సహా గింజలను గాజు సీసాలో రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టి, పొడి సీసాలో దాస్తే నాలుగేళ్ళు మొలకెత్తుతాయి. టమాట చాలావరకు స్వపరాగ సంపర్కంతోనే కాస్తుంది కాబట్టి రకం చెడదు. హైబ్రిడ్ గింజకు ఈ గుణం లేదు. రూబీ ఆర్నాల్డ్ ఇంటివాళ్ళు చేసింది ఇంతే. ఇక్కడి పెరళ్ళలోనూ చేయాల్సింది ఇంతే. దాచిన గింజల్లో సగం పొరుగింటికి ఇవ్వాలి. ఒక తోటలో ఆకుముడత సోకినా మరో తోటలో ఆ రకం మిగులుతుంది.