సవతికయ్యమున నాయకుని స్థానము

మార్కాపురము, గిద్దలూరు సీమలకు పడమట నల్లమల గోడవలె నిలిచియున్నది. ఆ కొండలకు ఆవలివైపున అహోబిలము. హిరణ్యకశిపుని వధించిన నరసింహుడు ఆ యడవిలో చెంచుపడుచును వలచి పెండ్లాడెననియు, ఆదిలక్ష్మి అలిగెననియు చెప్పు కథ ఇచట పామరులకును పరిచితము. ఓబయమంత్రి ‘గరుడాచలము’ మొదలుగా యక్షగానములకు ఇది ప్రియమైన వస్తువు. సంక్రాంతి వేళ ఆరంభమై సుమారు 40 దినములు సాగు పారువేటలో స్వామి పల్లెలకు వెడలును. చెంచులు ఆయనను తమ యింటివానిగనే యెంతురు.

ఒకమారు తరగతిలో ఒక విద్యార్థిని, “స్వామి చేసినది ద్రోహము కాదా?” అని యడిగినది. వెంటనే బదులు చెప్పలేకపోతిని.

దాంపత్యద్రోహము ఏ దేశమున జూచినను కలదు. దానికి కామమే హేతువని చెప్పి ఊరకుండుట పరిపాటి. కామము ఇరువురకు సమానమే. కాని ఒకరి తప్పునకు లోకము వేరొక పేరు పెట్టి దారి విడుచుచున్నది. ద్రోహము ఇంతగా వ్యాపించుటకు ఈ పేరుమార్పే ముఖ్యకారణమని నా యభిప్రాయము.

మన లక్షణగ్రంథములే సాక్ష్యము. అనుకూలుడు, దక్షిణుడు, శఠుడు, ధృష్టుడు అని నాయకులు నలుగురు. ఒక్క నాయికయందే నిలుచువాడు అనుకూలుడు మాత్రమే. దక్షిణుడు పలువురయందు సమప్రీతి గలవాడు, శఠుడు దాచువాడు, ధృష్టుడు పట్టుబడియు సిగ్గుపడనివాడు. అయినను నలుగురును నాయకులే! నాయికలనో స్వీయ, పరకీయ, సామాన్య యని విభజించిరి. పురుషుని చాపల్యము స్వభావభేదము, స్త్రీది వర్గభేదము. ఖండితకు మిగిలినవి కన్నీరును నిష్ఠురోక్తులును. ఈ విభాగమును ఏటేట వల్లెవేయించుచు దీనిలోని లెక్కను మనము గమనింపము.

ఈ లెక్క మనదొక్కటే కాదు. లారా బెట్జిగ్ 1989లో ప్రకటించిన పరిశీలనమున 160 సమాజములను చూచి, విడాకుల హేతువులలో వ్యభిచారము మిక్కిలి తరచైనదని తేల్చినది. 25 సమాజములలో ఎవరు తప్పినను విడాకులే. 54 సమాజములలో భార్య తప్పిననే. భర్త తప్పిననే విడాకులు కలుగునవి రెండు మాత్రమే.

ఇక సవతికయ్యము. చెంచునాటకములలోను, గంగాగౌరీ సంవాదములోను స్త్రీలిరువురు కులమును, నడవడిని ఎత్తిపొడుచుకొందురు, ప్రేక్షకులు నవ్వుదురు. కయ్యమునకు మూలమైనవాడు ప్రక్కకు తప్పుకొనును. ముక్కు తిమ్మన సత్యభామ మాత్రము కృష్ణునే శిక్షించినది. కాని ఆమె కోపము పారిజాతము రుక్మిణికి దక్కినందుకు. వాటా తగ్గినందుకే కాని వాటాలున్నందుకు గాదు.

1958 నాటి ‘చెంచులక్ష్మి’ చిత్రమున ఆదిలక్ష్మిగను చెంచితగను అంజలీదేవియే నటించినది. చెంచిత లక్ష్మీయంశయే యను భక్తుల సమాధానము దీనికి తోడు. ఇరువురు నొక్కరే యైనచో ద్రోహమే లేదు. చమత్కారమే! అట్లయిన ఆదిలక్ష్మి ఎవరిపై అలిగినట్లు?

ఆ చిత్రము వచ్చుటకు ముందే చట్టము ఈ ప్రశ్నను వినినది. మార్కాపురము కర్నూలు జిల్లాలో తాలూకాగా మదరాసు రాష్ట్రమున నున్నప్పుడే, 1949లో, ఆ రాష్ట్రము హిందువుల ద్విభార్యాత్వమును నిషేధించెను. పరభార్యాగమనమును ఆమె భర్తకు చేసిన నేరముగ నెంచి, భార్యకు ఫిర్యాదుహక్కు నీయని శిక్షాస్మృతి 497వ సెక్షను మాత్రము 2018లో సుప్రీముకోర్టు కొట్టివేయువరకు నిలిచినది.

ఆ విద్యార్థినికి ఇప్పుడు ద్రోహమే యని చెప్పుదును. ఆదిలక్ష్మి పలుకులను హాస్యముగ గాక అభియోగముగ చదువుమందును. స్వామిని కొలుచువాడనై ఈ మాట వ్రాయుటకు నాకు కొంత జంకు లేకపోలేదు.