వీలునామా, చట్టం, ఇల్లు: ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ తెర రూపాలపై ఒక పరిశీలన

నవల తెరకెక్కినప్పుడు మన విమర్శ సాధారణంగా రెండు పట్టికలు వేస్తుంది. మూలంలో ఉండి చిత్రంలో లేనివి ఒకవైపు, మూలంలో లేకుండా చిత్రంలో చేరినవి మరొకవైపు. మొదటి పట్టిక పెరిగితే దర్శకుడు దోషి. రెండోది పెరిగితే మరింత దోషి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ (1976) వంటి చిత్రాలను నవలలతో పోల్చే పాఠకుల మాటల్లోనూ తరచు వినిపించేది ఈ లెక్కే. అనువాదం గురించి ఇంతకన్నా సూక్ష్మంగా ఆలోచించిన సంప్రదాయం తెలుగుకు ఉంది. శ్రీహర్షుని కావ్యాన్ని తెనిగించిన శ్రీనాథుడు ‘శృంగార నైషధం’ చివర తన పద్ధతిని వివరిస్తూ మూలకవి మాటను అనుసరించడంతో పాటు అతని ఆశయాన్ని గుర్తించడం, ఔచిత్యాన్ని పాటించడం కూడా అనువాదకుని పనులుగానే చెప్పుకున్నాడు. శబ్దమూ ఆశయమూ ఒకదానికొకటి ఎదురుపడినచోట ఏది నిలవాలన్నదే అసలు సమస్య. సినిమాలో ఆ సమస్య అడుగడుగునా ఎదురవుతుంది.

జేన్ ఆస్టిన్ ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ (1811) తెలుగు ప్రేక్షకులకు చేరిన దారి కాస్త చుట్టుదారి. రాజీవ్ మేనన్ తమిళంలో తీసిన ‘కండుకొండేన్ కండుకొండేన్’ (2000) అదే ఏడాది ‘ప్రియురాలు పిలిచింది’గా అనువాదమై వచ్చింది. పేరు మార్పే ఒక వ్యాఖ్యానం. ఆస్టిన్ పేరులో ఉన్నవి రెండు గుణాలు, వివేకమూ భావుకతా. తమిళ శీర్షిక కనుగొన్నానని చెబుతుంది. తెలుగు శీర్షికలో మిగిలింది ప్రియురాలి పిలుపు ఒక్కటే. ఇది ప్రేమకథ అని గోడపత్రిక ముందే తీర్పు చెప్పేసింది. (పాత్రలను ఈ వ్యాసంలో మూల తమిళంలోని పేర్లతోనే పేర్కొనడం జరిగింది.)

నవల మాత్రం ఆస్తితో మొదలవుతుంది. నార్లండ్ ఎస్టేటు యజమాని అయిన వృద్ధుడు తన బంధువు హెన్రీ డాష్‌వుడ్ కుటుంబాన్ని తన వద్దకు పిలిపించుకుంటాడు. పదేళ్లపాటు వారి సేవలందుకుంటాడు. తీరా వీలునామా తెరిస్తే, హెన్రీకి జీవితకాలపు అనుభవం మాత్రమే దక్కింది. ఆ తరువాత ఆస్తి అతని మొదటి భార్య కొడుకు జాన్‌కు, జాన్ కొడుకుకు చేరేలా కట్టుదిట్టం చేసి ఉంది. కారణం చిన్నది. రెండుమూడేళ్ల ఆ పసివాడు అప్పుడప్పుడు వచ్చి తన ముద్దుమాటలతో ముసలాయనను మురిపించాడు. పదేళ్ల సేవ చేసిన ఇంటి ఆడపిల్లలు ముగ్గురికీ తలా వెయ్యి పౌండ్లు. రెండో అధ్యాయంలో జాన్, అతని భార్య ఫానీల సంభాషణ ఆంగ్ల గద్యంలోని క్రూరమైన హాస్యానికి నమూనా. చెల్లెళ్లకు ఇవ్వదలచిన మూడు వేల పౌండ్లు మొదట సగమవుతాయి. తరువాత వారి తల్లికి ఏటా వంద పౌండ్ల భరణమవుతాయి. ఆపైన ఎప్పుడైనా యాభై ఇస్తే చాలనే మాట వస్తుంది. చివరకు మిగిలేది ఇల్లు మారేటప్పుడు కొంత సాయం, చేపలు, వేటమాంసం వంటి కానుకలు. ఒక్కొక్క మెట్టూ ఎంతో సబబుగా వినిపిస్తుంది. ఈ నవల విషయంలో మూలకవి ఆశయాన్ని గుర్తించడమంటే ముందుగా ఈ లెక్కను గుర్తించడం. దుస్తులు, గుర్రపుబళ్లు, పచ్చికబయళ్లు ఆ తరువాతి సంగతి.

ఎమ్మా థాంప్సన్ రచనతో ఆంగ్ లీ తీసిన చిత్రం (1995) ఆస్కార్ పొందిన అనుసరణ. నమ్మకమైన తెర రూపాలలో ఒకటిగా పేరున్నది. ఫానీ బేరాన్ని ఆ చిత్రం ప్రయాణంలోకి తెచ్చింది. బండి నార్లండ్‌కు దగ్గరవుతున్నకొద్దీ మొత్తం తరుగుతుంది. నవలలో ఒక గదిలో జరిగిన మాటలకు సినిమా ఇచ్చిన చలనం ఇది. మూలాన్ని దాటకుండానే దాని పదును పెంచింది. అయితే అదే చిత్రం అంతకన్నా కీలకమైనచోట నిశ్శబ్దంగా మూలాన్ని వదిలేసింది. ఇల్లు తండ్రి నుంచి కొడుకుకు పోవడం చట్టమని మరణశయ్య మీది తండ్రి చెబుతాడు. చిన్న చెల్లెలు మార్గరెట్‌కు ఎలినార్ వివరించేదీ అదే. వీలునామా మాయమైంది. ఒక ముసలివాని చపలత్వం స్థానంలో వ్యవస్థ వచ్చి కూర్చుంది. ఇరవయ్యో శతాబ్దపు ప్రేక్షకునికి విషయం వెంటనే అర్థమవుతుంది, నిజమే. కానీ చట్టాన్ని నిందించినప్పుడు మనుషులు తప్పించుకుంటారు. ఆస్టిన్ మనుషులను తప్పించుకోనివ్వలేదు.

విచిత్రమేమంటే, స్వేచ్ఛగా మార్చిందనిపించుకున్న తమిళ చిత్రమే ఇక్కడ మూలానికి దగ్గరగా నిలిచింది. చెట్టినాడు ఇంట్లో మంచాన పడిన పెద్దాయనకు మాట పోయింది. కూతురు పద్మ, మనవరాళ్లు సౌమ్య, మీనాక్షి ఆయనకు సేవ చేస్తుంటారు. ఆయన పోయాక బయటపడిన పాత వీలునామా సర్వస్వం కొడుకు స్వామినాథన్‌కు రాసి ఉంది. తనకు చెప్పకుండా పద్మ ప్రేమపెళ్లి చేసుకున్న కోపంలో ఎన్నడో రాసినది. కోపం తీరిందో లేదో చెప్పడానికి ఆయనకు నోరు లేదు. ఆస్టిన్ వద్ద చాపల్యంగా ఉన్నది ఇక్కడ శిక్ష అయింది. తల్లి తన ఇష్టప్రకారం చేసుకున్న పెళ్లికి వెల కూతుళ్లు చెల్లిస్తారు. ఈ మార్పు ఆంగ్ల మూలంలో లేదు. అయినా ఔచిత్యమనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఈ మార్పు బలం తెలియాలంటే చట్టాన్ని చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సవరణ, తమిళనాడులో 1989 సవరణ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కునిచ్చాయి. 2005లో కేంద్ర చట్టం ఆ హక్కును దేశమంతటికీ విస్తరించింది. కాబట్టి 2000లో ఇక్కడి ప్రేక్షకుల ముందు ఇల్లు కొడుకుకు పోవడమే చట్టం అని ఏ పాత్రా అనలేదు. అయినా ఇళ్లు కొడుకులకే పోతున్నాయి. స్వార్జితాన్ని ఎవరికైనా రాయవచ్చు. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను సైతం వీలునామాతో ఇవ్వవచ్చునని 1956 హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షను అనుమతిస్తుంది. పసుపు కుంకుమల కింద కొంత ముట్టిందన్న మాట, అన్నదమ్ములకు రాసిచ్చిన హక్కు విడుదల పత్రం మిగతా పని పూర్తిచేస్తాయి. చట్టం ఇచ్చినదాన్ని కుటుంబం వెనక్కి తీసుకునే దారులివి. రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాల సముదాయం ఉన్న ఎల్.బి.నగర్‌లో ఈ చిత్రం చూసేవారికి వీలునామా చదివే దృశ్యం రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండును గుర్తుచేయదు. భాగపరిష్కార దావాను గుర్తుచేస్తుంది.

ఇల్లు పోయాక ఏమవుతుంది? నవలలో బంధువు ఒకరు చిన్న కుటీరం చౌకగా అద్దెకిస్తాడు. ఏటా అయిదు వందల పౌండ్లతో నలుగురు ఆడవాళ్లు గడుపుకుంటారు. సంపాదన అనే ఆలోచనే అక్కడ లేదు. చిత్రంలో తల్లీకూతుళ్లు చెన్నై చేరతారు. ఊళ్లో ప్రధానోపాధ్యాయురాలైన సౌమ్య సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరి క్రమంగా పైకి వస్తుంది. మీనాక్షి సినిమా గాయని అవుతుంది. మూలవిధేయత లెక్కన ఇది పెద్ద అతిక్రమణ. అయితే నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం దిక్కు నుంచి వచ్చే బస్సులు ఎల్.బి.నగర్ కూడలిలో దించే అమ్మాయిలు, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ కోచింగుకు వెళ్లే అమ్మాయిలు ఈ కథలో తమను చూసుకోగలిగేది సరిగ్గా ఇక్కడే. విరిగిన మనసుతో వానలో నడిచే మీనాక్షి మూతలేని మ్యాన్‌హోల్‌లో పడే ఘట్టానికి సరూర్‌నగర్ పరిసరాల్లో ఒక్క వానాకాలం గడిపినవారికి వ్యాఖ్యానం అక్కర్లేదు. నవలలో మరియాన్‌ను జ్వరాన పడేసింది తడిగడ్డి.

ఈ మార్పు తెచ్చిన చిక్కును మాత్రం చిత్రం గమనించలేదు. ఆస్టిన్ నాయికలకు పెళ్లి తప్ప వేరే జీవనాధారం లేదు. అందుకే ప్రతి ప్రేమలోనూ లెక్క ఉంటుంది. జీతం తెచ్చుకుంటున్న సౌమ్యకు పెళ్లి దేనికి అవసరం? దీనికి జవాబు వెతకాల్సిన చిత్రం ఆమెను నష్టజాతకురాలిని చేసి ఊరుకుంది. పెళ్లి కుదిరిన వరుడు చనిపోవడం వల్ల వచ్చిన ఆ ముద్ర ఆమె నిరీక్షణకు కారణమవుతుంది. ఇది మన తెర మీద అరిగిపోయిన సాధనం.

విలోబీకి ప్రతిరూపమైన శ్రీకాంత్ చిత్రణలోనూ ఇలాంటి మెత్తదనమే కనిపిస్తుంది. ఫైనాన్స్ కంపెనీ కూలి అతను మంత్రి కూతుర్ని కట్టుకోవడం 1990ల చివరి ప్రేక్షకులకు బాగా తెలిసిన సంగతి. యాభై వేల పౌండ్ల మిస్ గ్రేకు సరైన బదులు. అయితే నవలలో విలోబీ ఒక అమ్మాయిని మోసగించి వదిలేసినవాడు. ఆ నేరం తీసేయడంతో శ్రీకాంత్ పరిస్థితులకు బలైనవాడుగా మిగిలాడు. మరియాన్ తప్పించుకున్నది ఎంతటి ప్రమాదం నుంచో మీనాక్షికి తెలిసే అవకాశం పోయింది.

బాలా విషయంలో అనువాద చిత్రానికి ఒక నష్టం, ఒక లాభం. శ్రీలంకలో శాంతి సేన యుద్ధంలో కాలు పోగొట్టుకున్న సైనికుడంటే తమిళ ప్రేక్షకునికి కలిగే మెలి తెలుగు ప్రేక్షకునికి అంతగా తగలదు. మరోవైపు, మమ్ముట్టి మనకు ‘స్వాతి కిరణం’ (1992)లో శిష్యుని ప్రతిభను భరించలేని సంగీత గురువు. అదే మనిషి ఇక్కడ ఒక అమ్మాయి పాటకు దారి చూపి పక్కన నిలబడతాడు. దర్శకుడు ఊహించని ఈ ప్రతిధ్వని తెలుగు చూపుకే దక్కింది.

అసలు లోటు వేరొకచోట ఉంది. నవలలో ఎలినార్ వివేకమంటే ఒక రహస్యాన్ని మోయడం. తాను ప్రేమించిన ఎడ్వర్డ్‌తో తనకు రహస్యంగా నిశ్చితార్థమైందని లూసీ స్టీల్ ఆమెకే చెప్పి మాట తీసుకుంటుంది. ఎలినార్ నాలుగు నెలలు ఎవరితోనూ అనదు. శత్రువుకిచ్చిన మాటను నిలబెట్టుకుంటూనే చెల్లెలి దుఃఖాన్ని ఓదారుస్తుంది. తమిళ చిత్రంలో లూసీ లేదు. సినిమా దర్శకుడు కావాలనుకునే మనోహర్‌కూ సౌమ్యకూ మధ్య అడ్డు ఒక నటి గురించిన పుకారు, దానివల్ల వచ్చిన అపార్థం. అపార్థం వీడితే కథ తీరుతుంది. మోసినదంటూ ఏమీ ఉండదు. నవలలో ఎడ్వర్డ్‌కు పెళ్లి కాలేదని తెలిసిన క్షణంలో ఎలినార్ గది దాటి తలుపు వేసుకున్నాకే ఏడుస్తుంది. థాంప్సన్ ఆ ఏడుపును అతని ఎదుటికి తెచ్చింది. అప్పటిదాకా ఆమె దాచినదంతా ప్రేక్షకునికి తెలుసు కనుక ఆ మార్పు నిలబడింది. సౌమ్య కూడా మనోహర్ ఎదుటే బద్దలవుతుంది. ‘నిన్నే పెళ్లాడతా’ (1996) నాటి చిలిపితనం గుర్తున్న తెలుగు ప్రేక్షకుణ్ణి టబు ఇక్కడ నిజంగా కదిలిస్తుంది. ఆ ఏడుపుకు తగిన బరువును రచన అంతకుముందు సమకూర్చలేదు. నటి తన ముఖంతోనే దాన్ని తెచ్చుకోవలసి వచ్చింది, అనువాద చిత్రంలోనూ ఆ ముఖమైతే మిగిలింది.