మధుర మహలు: కంప్యూటరు పునర్నిర్మాణముల ప్రామాణ్యము

దక్షిణదేశమున తెలుగు నాయకరాజుల పాలనకు మిగిలిన గుర్తులలో మధురలోని తిరుమలనాయకుని మహలు ముఖ్యమైనది. 1623 మొదలు 1659 వరకు రాజ్యమేలిన తిరుమలనాయకుడు కట్టించిన ఈ మహలులో నేడు నిలిచియున్నది కొంతభాగము మాత్రమే. స్వర్గవిలాసమను సభామండపము, దాని ముందరి విశాలమైన ముంగిలి, ప్రక్కనున్న నాటకశాల తప్ప తక్కినది చాలవరకు నశించినది. నశించిన కట్టడములను కంప్యూటరుపై తిరిగి నిలిపి చూపు విద్య నేడు అందుబాటులోనికి వచ్చినది. ఆ విద్యను ఈ మహలునకు అన్వయించునపుడు కలుగు లాభమెంత, అందలి ప్రమాదమేమి అనునది తెలుగువారు విచారింపదగిన విషయము.

ఈ పద్ధతిలో రెండు అంగములు కలవు. మొదటిది కొలత. నిలిచియున్న కట్టడమును లేజరు కిరణములతో కొలిచి, అన్ని వైపులనుండి ఛాయాచిత్రములు తీసి, వానినిబట్టి పొడవు, వెడల్పు, ఎత్తులతో కూడిన రూపమును సిద్ధపరతురు. రెండవది ఊహ. పునాదులు, పాతచిత్రములు, వ్రాతలు మొదలగు ఆధారములనుబట్టి లోపించిన గోడలను, కమానులను, పైకప్పులను ఆ రూపమునకు చేర్చుదురు.

కొలతవలన మేలు కలుగుననుటకు సందేహము లేదు. ఈ మహలు స్తంభముల ఎత్తును యాత్రికుల పుస్తకములలో ఒకటి 58 అడుగులనగా మరియొకటి 82 అడుగులనుచున్నది. ఎదుట నిలిచియున్న స్తంభముల మాటయే ఇట్లుండగా, కూలిపోయిన రంగవిలాసపు ఎత్తును ఎవరి మాటనుబట్టి నిర్ణయింపవలెను? ఇట్టి వివాదములను తీర్చుటకు యంత్రము మిక్కిలి ఉపకరించును.

కాని యంత్రము ఆకారమును కొలుచునేగాని వయస్సును చెప్పజాలదు. తిరుమలనాయకుని మనుమడగు చొక్కనాథనాయకుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చినపుడు ఈ మహలును చాలవరకు కూల్చి, ఆ సామగ్రిని తరలించెనని చరిత్రకారులు వ్రాసిరి. మిగిలినది 19వ శతాబ్దినాటికి శిథిలమైయుండెను. 1866 నుండి 1872 వరకు మద్రాసు గవర్నరుగానున్న నేపియరు ప్రభువు పూనికతో, చిజం అను వాస్తుశిల్పి దానిని బాగుచేయించెను. కావున నేడు కనబడు గచ్చుపనిలో కొంత నాయకరాజులనాటిది, కొంత ఆంగ్లేయులనాటిది. లేజరు ఈ రెండింటిని ఒకే రీతిగా గ్రహించును.

ఈ రెండింటిని వేరుపరచుటకు పూర్వసాక్ష్యములు కావలెను. డానియల్ వంశపు చిత్రకారులు 1792లో మధురను చూచి గీచిన చిత్రములు కలవు. 1858లో లిన్నేయస్ ట్రైప్ తీసిన ఛాయాచిత్రములు మరమ్మతునకు పూర్వపువి; కనుక వాని విలువ గొప్పది. చిత్రకారుడు అందముకొరకు ఒక గోడను జరిపి గీయవచ్చును. కెమెరా ఎదుటనున్నదానిని జరుపదు. అయినను దాని చూపు అది నిలిచిన చోటునకే పరిమితము. నగరములో ఒక సందునందు నిలిచియున్న పది రాతిస్తంభముల విషయము చూడుడు. అవి రంగవిలాసములోనివని కొందరు, ఏనుగులను కట్టిన స్తంభములని మరికొందరు చెప్పుదురు. ఈ రెండు మాటలనుబట్టి రెండు వేర్వేరు మహళ్లు తయారగును.

తాళపత్రగ్రంథమును పరిష్కరించు పండితుడు పురుగు తినినచోట చుక్కలుంచి గ్రంథపాతమని సూచించును. తన ఊహను అడుగున విడిగా చూపును. అట్లుగాక తానే ఒక పాదము వ్రాసి కవిదని ముద్రించినచో అది పరిష్కారము కాదు, ప్రక్షిప్తము. కంప్యూటరు చిత్రమున జరుగుచున్న దోషము తరచుగా ఇదియే. కొలిచిన స్తంభము, ఊహించిన గుమ్మటము ఒకే రంగుతో, ఒకే నిగ్గుతో కనబడును. చూపరికి ఏది నిజమో, ఏది అనుమానమో తెలియదు. కొంతకాలమునకు ఆ చిత్రమే ప్రమాణమై పాఠ్యపుస్తకములలోనికి ఎక్కును.

ఈ లోపమును గుర్తించియే పండితులు 2006లో లండను నియమావళిని ఏర్పరచి, 2009లో దానిని సవరించిరి. ఏ భాగమునకు ఏ ఆధారము కలదో, ఏ కారణమున ఒక రూపమును ఎన్నుకొనిరో వ్రాసియుంచవలెనని దాని సారము. మధుర మహలు విషయమున ఇది తప్పనిసరి. నిలిచియున్న భాగమునకు ఒక రంగు, పాతచిత్రములనుబట్టి చేర్చినదానికి మరియొక రంగు, కేవలము ఊహించినదానికి రేఖామాత్రము వాడవలెను. అభిప్రాయభేదమున్నచోట రెండు రూపములను చూపవలెను. అందము కొంత తగ్గును గాని, తరువాతివారు తప్పును దిద్దుటకు వీలగును.

ఇందులో తమిళనాటి తెలుగు కుటుంబములకును పాత్ర కలదు. పాతపెట్టెలలో మధురకు సంబంధించిన ఛాయాచిత్రములుగాని, దస్తావేజులుగాని ఉన్నచో, వాని నకళ్లను పరిశోధకులకు అందించుట మంచిది. పూర్వుల కీర్తిని పెంచవలెనను తలపుతో లేని శిఖరములను చేర్చుట మాత్రము తగదు. మిగిలిన స్వర్గవిలాసమే ఆ కీర్తికి చాలును. పోయినదానిని పోయినదని చూపుటవలన దాని గౌరవము తగ్గదు. ఉన్నదానిని కాపాడవలెనను బుద్ధి కలుగును.