పాఠం ఎవరిది?

పాతబస్తీలో ఒకే కాంపౌండులో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం సర్కారు బడులు పక్కపక్కనే నడవడం మామూలే. గోడ ఒకటే, నీళ్ల ట్యాంకు ఒకటే. టీచర్లు మాత్రం ఒకరి క్లాసులోకి ఒకరు తొంగిచూడరు. వెనక బెంచీలో పెద్దవాళ్లెవరైనా కూర్చున్నారంటే మనకు అది ఇన్‌స్పెక్షనే. వెంటనే, చెప్పగలిగే పిల్లల్నే లేపి ప్రశ్నలడుగుతాం.

బడులు ఒకదానికొకటి ఆసరాగా ఉండాలని కొఠారీ కమిషన్ 1966లోనే స్కూల్ కాంప్లెక్సులు సూచించింది. అవి వచ్చాయి, మీటింగులూ జరుగుతున్నాయి. ఒక మోడల్ లెసన్, చప్పట్లు, "బాగుంది సార్", టీ. బాగుందన్న పాఠం గురించి ఇంకేం మాట్లాడతాం?

జపాన్ బడుల్లో నూరేళ్లకు పైబడిన అలవాటు వేరు. నలుగురు కలిసి పాఠం రాస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు పిల్లల్ని గమనిస్తారు, ఆపైన అందరూ కూర్చుని దిద్దుతారు. తప్పు దొరికితే అది నలుగురి పాఠంలో తప్పు. అందుకే ఎవరూ నొచ్చుకోరు.

రెండు మీడియంల టీచర్లం కలిసి రెండో తరగతికి పదులు, ఒకట్ల పాఠం రాసుకున్నప్పుడు ఈ తేడా నాకు బాగా తెలిసొచ్చింది. 'ఇరవై తొమ్మిది' అంటే తెలుగు పిల్లవాడికి రెండు పదులూ తొమ్మిదీ చెవినే పడతాయి. ఉర్దూలో 29 'ఉన్‌తీస్', అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 39 'ఉన్‌తాలీస్', 49 'ఉన్‌చాస్'. అందుకని పదేసి పుల్లల కట్టలు మూడు పెట్టి, ఒక కట్ట విప్పి ఒక పుల్ల తీసేద్దామన్నారు ఉర్దూ మీడియం మేడమ్. పాఠం ఆవిడే చెప్పారు. మేం తలా ఇద్దరు పిల్లల పక్కన కూర్చున్నాం. 'తీస్' వినగానే ఓ పాప పలక మీద 3 వేసింది, పక్కపలక చూసి చెరిపేసి 2 చేసింది. బోర్డు దగ్గరున్నవాళ్లకు చివరికి కనబడేది సరైన 29 మాత్రమే! రాసే ముందు కట్టలెన్ని మిగిలాయో నోటితో చెప్పించాలని అక్కడే ప్లాను మార్చాం.

ఇద్దరే టీచర్లున్న బడిలో ఇదెలా కుదురుతుందని అడుగుతారు. నిజమే, ఒకరు చూడ్డానికొస్తే ఆ క్లాసు ఎవరు పట్టుకుంటారు? దీనికి ఫార్మాట్లు పనికిరావు, మనిషి కావాలి. కాంప్లెక్స్ మీటింగు రోజున చప్పట్ల పాఠం మానేసి, పిల్లలున్న క్లాసులోనే కూర్చుంటే కొంతవరకు సాగుతుంది. వచ్చే నెల తీసివేతలు. చెప్పేది మేము, చూసేది ఉర్దూ మీడియం వాళ్లు.